అమెరికా పోయే అమ్మానాన్నలకు ఇన్సూరెన్స్: ఇక్కడ కొనాల్నా, అక్కడ కొనాల్నా?

(హన్మకొండలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో, ప్రభుత్వ రంగ బీమా సంస్థ క్లెయిముల విభాగంలో పనిచేసి రిటైరైన ఒక అధికారి చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడిన తీరులోనే రాసినం.)

అందరికీ నమస్కారం. మొదలు మూడు ప్రశ్నలు అడుగుత, చేతులెత్తండి. కొడుకో బిడ్డో అమెరికాలో ఉన్నోళ్లు ఎంతమంది? అబ్బో, చేతులెత్తనోళ్లను లెక్కపెట్టుడే సులువున్నది. సరే, అందులో ఒక్కసారన్న పోయొచ్చినోళ్లు? మంచిది. ఇగ ఆఖరుది. పోయేటప్పుడు తీసుకున్న ఇన్సూరెన్స్ కాగితం మొదటినుంచి చివరిదాక చదివినోళ్లు? ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు మా సారు. ఆయన ఎప్పుడు చదివిండంటే, బిల్లు వచ్చినంక చదివిండు. (నవ్వులు)

నేను ముప్పై ఒక్క ఏండ్లు బీమా ఆఫీసులో చేసిన. పందొమ్మిదేండ్లు క్లెయిముల సీట్లోనే కూర్చున్న. 2018లో బిడ్డ కాన్పుకు న్యూజెర్సీ పోవాల్సొచ్చింది. అప్పటికి మా సారుకు పన్నెండేండ్ల బీపీ. ఇన్సూరెన్స్ సంగతి ఎవరన్న ఎత్తితే నాకు నవ్వొచ్చేది, నాకే చెప్తున్నరా అని. ఇక్కడనే ఒక ట్రావెల్ పాలసీ తీసుకున్న. ఐదు లక్షల డాలర్ల కవర్. ఆ అంకె చూసి మా వదిన నోరెళ్లబెట్టింది. ఇగ మిగిలిన పదిహేను రోజులు ఏం చేసినమంటే, సూట్‌కేసులు తూకమేసినం. ఇరవై మూడు కిలోలకు వంద గ్రాములు దాటితే సకినాలు తీసి పక్కకు పెట్టుడు, మల్ల పెట్టుడు. మామిడి తొక్కు డబ్బాకు ప్లాస్టరు మూడు చుట్లు. తొక్కు కారొద్దని అంత జాగ్రత్త పడ్డం గానీ, పాలసీ కాగితం ఆ సూట్‌కేసు అడుగుకే పోయింది.

పోయిన రెండో నెల. జనవరి, బయట మంచు. రాత్రి రెండింటికి మా సారుకు ఛాతీలో పట్టేసినట్టయింది, చెమటలు. అల్లుడు అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కు ఫోన్ చేసిండు. ఈసీజీ, రక్తపరీక్షలు, స్కాన్, తెల్లారేదాక పరిశీలనలో పెట్టిండ్రు. దేవుని దయ, గుండెది కాదని తేలింది. పొద్దున ఇంటికొచ్చి ఉప్మా తిన్నం. అయిపోయిందనుకున్నం.

రెండు నెలలకు పోస్టులో బిల్లులు రావుడు మొదలైనయి. దవాఖానది ఒకటి. ఎమర్జెన్సీ డాక్టరుది వేరే. స్కాన్ ఫిల్ము చదివిన రేడియాలజిస్టుది వేరే, ఆయన్ను మేం కండ్లతో కూడా చూడలే. అంబులెన్సుది ఇంకొకటి. మనకు 108 అలవాటు. 2005 నుంచి చూస్తున్నం, ఫోన్ చేస్తే వస్తది, పైస అడగది. అక్కడ అంబులెన్సు ఎక్కితే వెయ్యి డాలర్లు దాటుడు మామూలు ముచ్చటే. అన్నీ కలిపితే పదకొండు వేల డాలర్ల పైన తేలింది.

క్లెయిం పంపిన. నెలన్నరకు జవాబొచ్చింది. ఛాతీనొప్పికి పాత బీపీతో సంబంధం ఉన్నది, పాత జబ్బు పాలసీలో మినహాయింపు, కనుక కట్టలేం. ఆ లెటర్ చదువుతుంటే నాకు కోపం రాలే. సిగ్గయింది. ఎందుకంటే ఆ వాక్యాలు నాకు కంఠస్థం. అసొంటి లెటర్ల మీద నేనే ఎన్నిసార్లు సంతకం పెట్టిన! రాసినోళ్లు రూలు తప్పలే. ఆరో పేజీలో ఉన్నదే రాసిండ్రు. గుండెపోటు కాదని డాక్టరే చెప్తుంటే బీపీ అంటరేందని మీరు అడుగుతరు. నేనూ వాదించిన. ఆ రాత్రి ఏ అనుమానంతో పరీక్షలు చేసిండ్రో దాన్నే చూస్తమన్నరు. ఆఖరుకు అల్లుడు దవాఖాన బిల్లింగు వాళ్లతో మాట్లాడి, ప్రతి పద్దు విడివిడిగా రాసిన బిల్లు అడిగి, సొంతంగ కట్టేటోళ్లకు ఇచ్చే తగ్గింపు అడిగి, వాయిదాలు పెట్టించుకున్నడు. ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడ బిల్లు మీద బేరమాడుడు తప్పు కాదు, చాలామంది ఆడుతరు.

ఇప్పుడు అసలు ముచ్చట. మనోళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే ఉంటది: ఇండియాది మంచిదా, అమెరికాది మంచిదా? చీర కొన్నట్టు. గద్వాలదా, పోచంపల్లిదా అని. ఆ ప్రశ్నకు జవాబు లేదు. మీరు అడగాల్సింది వేరే. ఒకటి, నా ఒంట్లో ఇప్పటికే ఉన్న జబ్బు ఆ ఆర్నెల్లలో తిరగబెడితే ఈ కాగితం ఏం చేస్తది? రెండు, ఆ రోజు దవాఖాన కౌంటర్లో ఈ కార్డు చూపిస్తే వాళ్లు గుర్తుపడతరా? ఈ రెంటికి జవాబు దొరికితే ఏ దేశానిది అన్నది దానంతట అదే తేలుతది.

ఇక్కడి పాలసీల సంగతి చెప్త. రూపాయల్లో ప్రీమియం, ధర తక్కువ. పోయే ముందే కొనాలె, విమానం దిగినంక కొత్తగ దొరకది. ఎక్కువ పాలసీల్లో పాత జబ్బు మొత్తంగనే బయట. కొన్నిట్లో ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీ అయితే ఇంతవరకు ఇస్తమని ఒక చిన్న పరిమితి పెడతరు. అరవై దాటినోళ్లకు ఇంకొక మెలిక ఉంటది, దాని పేరు సబ్ లిమిట్. పైన ఐదు లక్షల డాలర్లు అని పెద్దక్షరాల్లో ఉంటది. లోపల రోజుకు గది కిరాయి ఇంతకు మించదు, సర్జనుకు ఇంతకు మించదు, మత్తు డాక్టరుకు ఇంతకు మించదు అని పట్టిక ఉంటది. ఆ పట్టికలో ఉన్నదే మీ కవర్. మా ఆఫీసులో పాత మేనేజరు సారు ఒకాయన, పైన పటారం లోన లొటారం అనెటోడు. సబ్ లిమిట్ లేని పాలసీలు కూడా ఉన్నయి, ప్రీమియం పెరుగుతది. అడిగితేనే చెప్తరు.

కౌంటర్ సంగతి. అమెరికాలో దవాఖానకు పోతే మొదలు అడిగేది ఇన్సూరెన్స్ కార్డు. మన దేశం కంపెనీ కార్డు ఇస్తే ఆ రిసెప్షను అమ్మాయి తిప్పి తిప్పి చూస్తది, పాపం ఆమెకేం తెలుసు. మన కంపెనీలకు విదేశాల్లో సహాయ సంస్థలు ఉంటయి. వాళ్ల టోల్ ఫ్రీ నంబరుకు మీరో మీ పిల్లలో ఫోన్ చేసి కేసు నంబరు తీసుకోవాలె, వాళ్లు దవాఖానకు పూచీ పత్రం పంపాలె. అడ్మిట్ అయితే ఇట్ల నడుస్తది. చిన్న జ్వరానికి, పంటినొప్పికి అయితే మీరే కట్టి, కాగితాలన్నీ తెచ్చుకొని, ఇక్కడికొచ్చి రూపాయల్లో తీసుకోవాలె.

అయితే ఒకటి చెప్పాలె. పైసలు లేవని, ఇన్సూరెన్స్ లేదని ఎమర్జెన్సీ నుంచి వెనక్కి పంపరు. 1986లో అక్కడ చట్టం చేసిండ్రు, ఎమర్జెన్సీ విభాగానికి వచ్చిన మనిషిని పరీక్షించి, ప్రాణగండం తప్పేదాక చూడాల్సిందే. కనుక భయపడి ఇంట్ల పండుకోవద్దు. ప్రాణం కాపాడతరు. బిల్లు మాత్రం వెనక వస్తది.

సరే, ఇదంతా విని, అయితే అమెరికాదే కొందామని లేవకండి. కూసోండి. మా వియ్యపురాలు కథ ఉన్నది.

నా సంగతి చూసి ఆమె హుషారయింది. కొడుకుతో అక్కడి పాలసీనే కొనిపించుకున్నది. కొడుకు వెబ్‌సైట్లో ధరల వరుస చూసి అన్నిటికన్న చౌకది కొన్నడు. ఆమె ఇంటి ముందు మంచు మీద జారింది, మణికట్టు విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేసిండ్రు. పాలసీ పైసలిచ్చింది, ఇయ్యలేదని కాదు. కానీ అది ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్. అంటే ఎమర్జెన్సీకి పోతే ఇంత, ఎక్స్‌రేకు ఇంత, ఆపరేషన్‌కు ఇంత అని ముందే రాసుంటది. బిల్లు ఎంతైనా అంతే ఇస్తరు. మన సబ్ లిమిట్ తమ్ముడే, దేశం మారింది, పేరు మారింది. బిల్లులో సగం కన్న ఎక్కువ కొడుకు నెత్తిన పడ్డది.

రెండో రకం కాంప్రహెన్సివ్. ఇదెట్ల పనిచేస్తదో ఒక లెక్క చెప్త, చాలా ప్లాన్లు ఈ పద్ధతిలోనే ఉంటయి. బిల్లు 20,000 డాలర్లనుకోండి. డిడక్టిబుల్ 250, అది మొదలు మీరే కట్టాలె. మిగిలింది 19,750. అందులో మొదటి 5,000కు కంపెనీ 80 శాతం ఇస్తది, అంటే 4,000. మీ వంతు 1,000. ఆ 5,000 దాటిన 14,750 మొత్తం కంపెనీదే, పాలసీ గరిష్ఠం దాక. మీ చేతినుంచి పోయేది 1,250 డాలర్లు. డాలరుకు తొంభై వేసుకోండి, లక్షా పన్నెండు వేల ఐదు వందలు. నొప్పిగనే ఉంటది. కానీ ఇరవై వేల డాలర్లంటే పద్దెనిమిది లక్షలు. మన హన్మకొండ బాలసముద్రంలో ఇంటిమీద ఒక అంతస్తు లేస్తది. (నవ్వులు) లేవదంటరా? సరే, పిల్లర్లన్న లేస్తయి.

ఈ ప్లాన్లకు పీపీవో నెట్‌వర్క్ అని ఉంటది, ఒప్పందం ఉన్న దవాఖానలు, డాక్టర్లు. వాళ్ల దగ్గరికి పోతే కార్డు గుర్తుపడతరు, బిల్లు నేరుగ కంపెనీకి పోతది. ఇంటి చుట్టుపక్కల ఏ అర్జెంట్ కేర్ నెట్‌వర్క్‌లో ఉన్నదో దిగిన రోజే పిల్లలతో చూపించుకోండి. అర్జెంట్ కేర్ అంటే చిన్న క్లినిక్. జ్వరం, దగ్గు, మూత్రంలో మంట, చిన్న దెబ్బ, వీటికి అక్కడికే పోవాలె. ఇవే పట్టుకొని ఎమర్జెన్సీకి పోతే బిల్లు ఎన్నో రెట్లు. పిల్లలు ఒక్కోసారి కంగారులో ఎమర్జెన్సీకే తీసుకపోతరు, అమ్మ కదా, ప్రేమ.

ఇగ పాత జబ్బు. దయచేసి ఇక్కడ ఫోన్లు పక్కకు పెట్టండి. అమెరికా ప్లాన్లు కూడా ఎక్కువ భాగం పాత జబ్బును కవర్ చెయ్యవు. మంచి ప్లాన్లలో మాత్రం అక్యూట్ ఆన్‌సెట్ అని ఒక వాక్యం ఉంటది. పాత జబ్బు ఉన్న మనిషికి, ముందు ఏ సూచన లేకుండ, ఉన్నట్టుండి ముంచుకొస్తే, ఇరవై నాలుగు గంటల్లోపు వైద్యం తీసుకుంటే, దాన్ని కవర్ చేస్తరు. బీపీ మనిషికి హఠాత్తుగ పక్షవాతం, అది ఇందులోకి వస్తది. మూడు రోజులనుంచి ఆయాసంగ ఉన్నా పిల్లలకెందుకు తిప్పలని చెప్పకుండ కూసుంటే, అది రాదు. మనోళ్లకు ఈ చెప్పకపోవుడే అలవాటు. సుగర్ మెల్లగ పెరుగుడు, డయాలిసిస్, కేన్సర్ మందులు, ఇవేవీ రావు. దీనికి వయసు హద్దు కూడా ఉంటది. కొన్నిట్లో డెబ్బై, కొన్నిట్లో ఎనభై. వయసు దాటితే ఆ వాక్యం ఉన్నా లేనట్టే. మొత్తం కవర్ లక్ష డాలర్లున్నా, అక్యూట్ ఆన్‌సెట్‌కు వేరే తక్కువ పరిమితి ఉండొచ్చు. మీ పిల్లలు ధరలు పోల్చినప్పుడు ఈ ఒక్క పంక్తి పక్కపక్కన పెట్టి చూస్తే సగం పని అయితది.

నా మాట అడుగుతే, అమెరికాకు, మూడు నెలలు ఆర్నెల్లు పోయే అరవై దాటిన మనిషికి, బీపీ సుగర్ ఏదో ఒకటి ఉంటే, అక్కడి కాంప్రహెన్సివ్ ప్లాన్, అక్యూట్ ఆన్‌సెట్ ఉన్నది. ధర ఇక్కడిదానికన్న గట్టిగనే ఎక్కువైతది, దాచేదేం లేదు. 2023లో మేం మల్ల పోయినప్పుడు అదే తీసుకున్నం. ఏమైంది? నాకు మూత్రం ఇన్ఫెక్షన్ వచ్చింది, అర్జెంట్ కేర్‌కు పోయిన, దానికి మా ప్లానులో పెట్టిన ముప్పై డాలర్లు కట్టిన, మందులు తెచ్చుకున్న. చెప్పుకునేటంత కథే లేదు. మంచి ఇన్సూరెన్స్‌కు కథ ఉండదు.

యాభై ఐదేండ్లు, ఏ మందూ లేదు, గ్రాడ్యుయేషన్ చూసి ఇరవై రోజుల్లో తిరిగొస్తరా, సబ్ లిమిట్ లేని ఇక్కడి పాలసీ సరిపోతది. దానిలో లాభాలు కూడా ఉన్నయి. బ్యాగులు పోయినా, పాస్‌పోర్టు పోయినా, విమానం ఆలస్యమైనా కొంత ఇస్తది. అన్నిటికన్న పెద్దది, తగువొస్తే తగువాడేటందుకు మనకు చోటున్నది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉన్నదే హైదరాబాద్‌లో. దాని బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. బీమా తగువులు తీర్చే అధికారి, అంబుడ్స్‌మన్ అంటరు, ఆయన ఆఫీసు కూడా హైదరాబాద్‌లోనే. మొదలు కంపెనీకి రాయాలె, నెల చూడాలె, అప్పుడు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవాలె. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, యాభై లక్షల దాక ఇప్పించే అధికారం ఉన్నది. కాజీపేటలో పొద్దుగాల రైలెక్కితే పని చూసుకొని రాత్రి బువ్వకు ఇంట్ల ఉంటరు. అమెరికా కంపెనీ మీద అయితే ఆ రాష్ట్ర బీమా శాఖకు రాయాలె, ఇంగ్లీషులో, అక్కడి పిల్లలే తిరగాలె.

మిగిలిన దేశాలు తొందరగ చెప్త. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల కవర్ లేకుంటే వీసానే ఇయ్యరు. దానికి ఇక్కడి పాలసీ చాలు, ఆలోచించేదేం లేదు. అమెరికా విజిటర్ వీసాకు అసొంటి నిబంధన లేదు, అందుకే మనోళ్లు వదిలేస్తరు. అక్కడున్న పిల్లల దగ్గర అమ్మానాన్నలు చాన్నాళ్లు ఉండేటందుకు ఇచ్చే కెనడా సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్ల కవర్, ఏడాదికి తక్కువ కాకుండ ఉండాలె. ఇదివరకు కెనడా కంపెనీదే కావాలనెటోళ్లు. 2025 జనవరి చివరి నుంచి, అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న బయటి కంపెనీలదైనా ఒప్పుకుంటున్నరు. అనుమతి ఉన్నదా లేదా చూసుకునే బాధ్యత మనదే. ఇంగ్లండులో ఎమర్జెన్సీ విభాగంలో చూసుడు ఉచితం, అడ్మిట్ చేసుకుంటే మాత్రం సందర్శకుల దగ్గర వాళ్ల మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తరు.

గల్ఫ్ గురించి కూడా ఒక మాట. మన సభల్లో అమెరికా ముచ్చటే ఎక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నరు. కూలికి పోయే పిల్లగాండ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగ అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. పనికి దేశం దాటేటందుకు సర్కారు అనుమతి, అదే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, కావాల్సినోళ్లకు అది తప్పనిసరి. దాని కాగితం ఒక కాపీ ఇంట్ల పెట్టుకొమ్మని చెప్పండి. చాలా ఇండ్లలో అది ఉన్నట్టు కూడా తెలవది.

ఇగ ప్రశ్నలు అడగండి.

(సభలో ఒకరు: అక్కా, మా పిల్లగానికి పెద్ద కంపెనీల నౌకరి. వాని ఇన్సూరెన్స్‌లనే మమ్మల్ని చేర్చొద్దా?)

అందరూ అడిగేది ఇదే అన్నా. ఇక్కడ కొన్ని కంపెనీలు తల్లిదండ్రులను చేరుస్తయి కనుక అక్కడ కూడా అట్లనే అనుకుంటం. అక్కడ భార్య, భర్త, పిల్లలు. చుట్టపుచూపుగ వచ్చిన అమ్మానాన్నలను మామూలుగ చేర్చరు.

(ఇంకొకరు: ఆరోగ్యశ్రీ పది లక్షలయింది గదా మేడం, అక్కడ నడవదా?)

నడవది సార్. దేశం దాటితే పనిచెయ్యది. మీకు సొంతంగ ఉన్న ఆరోగ్య పాలసీ కూడా ఎక్కువ భాగం ఇండియాలో వైద్యానికే. అయితే ఆర్నెల్లు పోతున్నమని దాన్ని ఆపకండి. రెన్యువల్ తప్పితే, పాత జబ్బులకు కవర్ మొదలయ్యేదాక ఆగాల్సిన వెయిటింగ్ గడువు మల్ల మొదటికొస్తది.

(వెనక వరుస నుంచి ఒకామె: గ్రీన్‌కార్డు వచ్చింది మాకు. మెడికేర్ ఇస్తరట గదా?)

మెడికేర్ అంటే అక్కడి సర్కారు పెద్దోళ్లకు ఇచ్చే ఆరోగ్య బీమా. వెంటనే ఇయ్యరమ్మా. అరవై ఐదు నిండి, గ్రీన్‌కార్డుతో ఐదేండ్లు వరుసగ అక్కడ ఉన్నంకనే కొనుక్కోవచ్చు. ఆ ఐదేండ్ల కోసం వేరే చూసుకోవాలె. అది విజిటర్ ప్లాన్ ముచ్చట కాదు, మీ పిల్లలతో కూసొని లెక్క తీయాలె.

(ఒకరు: దిగినంక చూసి కొనుక్కుంటే?)

అమెరికా ప్లాను దిగినంక కూడా కొనొచ్చు. అట్ల ఆగుడెందుకు? విమానంలోనే కాళ్లు వాచుతయి మనకు. అక్కడ ఇంటికి చేరి, రెండు రోజులకు జ్వరమొచ్చినంక కొంటే, ఆ జ్వరమే పాత జబ్బయి కూసుంటది. బయలుదేరే రోజునుంచే మొదలయ్యేటట్టు పిల్లలు ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ముందే తిరిగొస్తే, క్లెయిం ఏదీ లేకుంటే, వాడని రోజుల పైసలు చాలా ప్లాన్లు కొంత పట్టుకొని వాపస్ ఇస్తయి. ఉండాల్సిన రోజులు పెరిగితే, గడువు అయిపోకముందే పొడిగించాలె. ఒక్కరోజు ఖాళీ పడ్డా కొత్త పాలసీ కింద లెక్క, నడుమ వచ్చిందంతా పాత జబ్బే.

మందులు మరిచిన. రోజువారీ బీపీ సుగర్ మందులకు మామూలుగ ఈ పాలసీలు పైస ఇయ్యవు. ఇక్కడినుంచే తీసుకపోండి. మూడు నెలలకు మించకుండ వెంట పెట్టుకోవాలని అక్కడి సూచన. డాక్టరు చీటీ ఉండాలె, కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరుతోని రాయించుకోండి, అక్కడి డాక్టరుకు అదే అర్థమైతది. సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో. సూట్‌కేసు దోహాలోనో అబుదాబిలోనో ఆగిపోతే తొక్కు లేకుంటే బతుకుతం, గోలీలు లేకుంటే కష్టం.

ఇంకొక మాట, దరఖాస్తులో బీపీ లేదు, సుగర్ లేదని రాయించే ఏజెంట్లు ఉన్నరు. ప్రీమియం తగ్గుతదని, మెడికల్ టెస్టు తప్పుతదని. రాయకండి. అక్కడ డాక్టరు మొదటి ప్రశ్నే, ఏ మందులు వాడుతున్నరని. మీరు నిజం చెప్తరు, ఆయన రాసుకుంటడు, ఆ కాగితం కంపెనీకి పోతది. పందొమ్మిదేండ్లు నేను వెతికింది ఆ ఒక్క పంక్తినే.

చాయ్ వచ్చినట్టున్నది. ఎవరన్న పాలసీ కాగితాలు తెచ్చుకుంటే ఇటు ముందుకు రండి, నేను కండ్లద్దాలు తెచ్చుకున్న. సార్, మీరు ఆ పచ్చ కవరు పట్టుకున్నరు చూడండి, మొదటి పేజీ తిప్పి, ఆరో పేజీ తీసి పట్టుకోండి. అక్కడినుంచే మొదలు పెడదాం.